ఫ్లేకీ టెస్టులు: రీట్రై పెట్టేముందు, డిలీట్ కొట్టేముందు

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "కోడ్ ఏమీ మార్చకపోయినా మా ఆటోమేటెడ్ టెస్టులు ఒకసారి పాస్ అవుతాయి, ఒకసారి ఫెయిల్ అవుతాయి. మొత్తం వెయ్యికి పైగా టెస్టులు, వాటిలో బ్రౌజర్ టెస్టులు చాలానే ఉన్నాయి. సీఐలో (కోడ్ పెట్టినప్పుడల్లా టెస్టులను తనంతట తానే నడిపే వ్యవస్థలో) ఎర్రగా కనిపిస్తే అందరూ రీరన్ నొక్కుతారు, పచ్చబడగానే మెర్జ్ చేసేస్తారు (ప్రధాన కోడ్‌లో కలిపేస్తారు). మా మేనేజర్ ప్రతి టెస్టుకీ మూడు రీట్రైలు పెట్టేయమంటున్నారు. ఒక సీనియర్ అయితే బ్రౌజర్ టెస్టులన్నీ తీసి పారేయమంటున్నారు. ఎవరి మాట వినాలి?"

ఇప్పటికిప్పుడు ఎవరి మాటా వినకండి. అలాగని ఇద్దరి మాటా కొట్టిపారేయలేం. రీట్రైకి ఒక చోటుంది, డిలీట్‌కీ ఒక చోటుంది. కానీ ఆ రెండూ ఆఖర్న తీసుకోవాల్సిన నిర్ణయాలు. ముందు తేలాల్సింది వేరే ఉంది: ఊగుతున్నది టెస్టా, ప్రోడక్టా? ఇది తేలకుండా ఏం చేసినా గుడ్డిగా చేసినట్టే.

ఇలా కోడ్ మారకుండానే ఒకసారి పాసై, ఒకసారి ఫెయిలయ్యేదాన్నే ఫ్లేకీ టెస్టు అంటారు. ఆ పేరు వినగానే "కోడ్ బాగానే ఉంది, టెస్టే సరిగ్గా రాయలేదు" అని టీమ్ అంతా ముందే తీర్పు ఇచ్చేసి ఉంటుంది. చాలాసార్లు అది నిజమే. కానీ ఎప్పుడూ నిజం కాదు. 2014లో ఇల్లినాయ్ యూనివర్సిటీ పరిశోధకులు 51 అపాచీ ప్రాజెక్టుల్లో ఫ్లేకీ టెస్టులను సరిచేసిన 201 కమిట్లను (కోడ్‌లో నమోదైన మార్పులను) తీసుకుని ఒక్కొక్కటిగా చదివారు. సుమారు 24 శాతం సందర్భాల్లో మార్పు టెస్టులో ఆగలేదు, అసలు కోడ్‌లోనూ చేయాల్సి వచ్చింది. ఆ మార్పుల్లో అత్యధిక భాగం నిజమైన బగ్గులకే. అంటే నాలుగింట ఒకటి దగ్గర దగ్గరగా, ఊగే టెస్టు నిజమే చెబుతోంది, కాకపోతే అప్పుడప్పుడు చెబుతోంది.

ఇక మీ మేనేజర్ అడిగిన మూడు రీట్రైలను ఈ దృష్టితో చూడండి. మూడు రీట్రైలంటే మొత్తం నాలుగు ప్రయత్నాలు. మీ కోడ్‌లో పదిసార్లకు ఒకసారి బయటపడే రేస్ కండిషన్ (రెండు పనుల్లో ఏది ముందు జరిగిందన్నదాన్నిబట్టి ఫలితం మారిపోయే బగ్) ఒకటి ఈరోజు చేరిందనుకుందాం. నాలుగు ప్రయత్నాలూ వరసగా ఫెయిల్ అయితేగానీ బిల్డ్ ఎర్రబడదు. ఒక్కో ప్రయత్నం ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరుగుతుందనుకుంటే, అలా జరిగే అవకాశం పదివేలలో ఒకటి. బిల్డ్ పచ్చగానే ఉంటుంది, రిలీజ్ వెళ్ళిపోతుంది. వాడుకరి దగ్గర మాత్రం రీట్రై ఉండదు, పదిమందిలో ఒకరికి ఆ బగ్ తగులుతుంది. ఎంత నిలకడగా ఫెయిల్ అయితే అంత సులభంగా దొరుకుతుంది కాబట్టి, రీట్రై సరిగ్గా మనకు దొరకని రకం బగ్గులనే దాచిపెడుతుంది.

మీ మేనేజర్ బాధ కూడా అర్థం చేసుకోదగ్గదే. లెక్క చూడండి. ఒక్కో టెస్టు వెయ్యిసార్లకు ఒక్కసారే తప్పుగా ఫెయిల్ అవుతుందనుకోండి. వినడానికి ఏముంది, పర్వాలేదనిపిస్తుంది. అలాంటివి వెయ్యి టెస్టులు ఒకే బిల్డ్‌లో ఉంటే మొత్తం పచ్చగా వచ్చే అవకాశం దాదాపు 37 శాతం. మూడు బిల్డుల్లో రెండు ఎర్రగానే వస్తాయి. కాబట్టి "మా టెస్టులు 99.9 శాతం నమ్మకమైనవే" అనేవాళ్ళకు కూడా రోజంతా రీరన్ నొక్కడమే పని. ఇది చిన్న టీముల బాధ మాత్రమే కాదు. గూగుల్ 2016లో చెప్పిన లెక్క ప్రకారం అక్కడ టెస్ట్ రన్నుల్లో సుమారు 1.5 శాతం ఫ్లేకీ ఫలితాలే. దాదాపు 16 శాతం టెస్టుల్లో ఎంతో కొంత ఊగిసలాట ఉండేది. పాస్ నుంచి ఫెయిల్‌కు మారిన సందర్భాల్లో 84 శాతం ఏదో ఒక ఫ్లేకీ టెస్టుకు సంబంధించినవే. ఈ చివరి అంకెనే నేను ముఖ్యంగా చూస్తాను. ఎర్ర లైటు వెలిగినప్పుడల్లా ఆరింట ఐదుసార్లు అది ఉత్తుత్తిదే అయితే, ఆరోసారి నిజమైనది వచ్చినా ఎవరూ లేచి చూడరు. మీ టీమ్‌లో "రీరన్ చేస్తే పోతుంది" అనే మాట ఇప్పటికే అలవాటైపోయిందని మీ ప్రశ్నలోనే తెలుస్తోంది.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు ఆధారాలు పోగుచేయండి. ప్రతి రన్‌లో ప్రతి టెస్టుకూ కమిట్ నంబరు, ఎన్నో ప్రయత్నం, పాసా ఫెయిలా, ఎంతసేపు పట్టింది, ఏ మెషీన్ మీద నడిచింది, ఏ సమయంలో నడిచింది, ర్యాండమ్ సీడ్ (ర్యాండమ్ విలువలు దేని నుంచి మొదలవుతాయో ఆ సంఖ్య) ఏమిటి అన్నవి ఒక టేబుల్లో పడేయండి. పెద్ద టూల్ ఏమీ అక్కర్లేదు, జేయూనిట్ ఎక్స్‌ఎంఎల్ రిపోర్టులను (టెస్ట్ టూళ్ళు ఫలితాలు రాసే ఫైళ్ళను) చదివి డేటాబేస్‌లో వేసే చిన్న స్క్రిప్టు చాలు. ఒకే కమిట్ మీద పాస్, ఫెయిల్ రెండూ కనిపించిన టెస్టు ఫ్లేకీ. ఇంక దాని గురించి వాదన అవసరం లేదు. రాత్రిపూట ఎవరూ కోడ్ పెట్టని వేళ మెయిన్ బ్రాంచ్‌ను ఇరవై ముప్పై సార్లు నడిపించండి, కొద్ది రోజుల్లో జాబితా తయారవుతుంది. నేను చూసినంతలో గోలలో ఎక్కువ భాగం కొద్దిపాటి టెస్టులదే. జాబితా చూడకముందు "మొత్తం సూట్ (టెస్టుల గుంపు) చెడిపోయింది" అని అందరూ అంటారు, చూశాక పట్టుమని పాతిక పేర్లుంటాయి.

ఫెయిల్ అయిన క్షణం ఎలా ఉందో కూడా దాచుకోవాలి. బ్రౌజర్ టెస్టయితే స్క్రీన్‌షాట్, కన్సోల్ లాగ్, నెట్‌వర్క్ రిక్వెస్టులు కావాలి. ప్లేరైట్ (బ్రౌజర్‌ను నడిపి పరీక్షించే టూల్) వాడుతుంటే ట్రేస్ రికార్డింగ్ ఆన్ చేస్తే ఇవన్నీ ఒకే ఫైల్లో వస్తాయి, అడుగడుగునా పేజీ ఎలా ఉందో వెనక్కి తిప్పి చూడొచ్చు. సర్వర్ లాగ్ కూడా అదే టెస్ట్ ఐడీతో దొరికేలా ఒక హెడర్ పంపించండి. ఇవి లేకుండా "నా మెషీన్‌లో పాస్ అవుతోంది" అని ఎన్నాళ్ళు కూర్చున్నా కారణం దొరకదు. రీరన్ నొక్కినప్పుడు మొదటి రన్ లాగ్ చెరిగిపోయే సీఐ సెటప్‌లు కూడా ఉంటాయి. మీదీ అలాంటిదేనేమో ముందు అది చూసుకోండి.

తర్వాత జాబితాలో పైనున్న టెస్టును తీసుకుని దాన్ని ఒంటరిగా వందసార్లు నడపండి. గో భాషలో అయితే టెస్ట్ కమాండ్‌కు కౌంట్ ఆప్షన్ ఉంది, జేయూనిట్ 5లో రిపీటెడ్ టెస్ట్ అనే యానొటేషన్ ఉంది, పైటెస్ట్‌కు రిపీట్ ప్లగిన్ ఉంది, బాజెల్‌లో రన్స్ పర్ టెస్ట్ అనే ఫ్లాగ్ ఉంది. ఒంటరిగా కూడా ఫెయిల్ అయితే రోగం ఆ టెస్టులోనో, అది పరీక్షించే కోడ్‌లోనో ఉంది: వేచి ఉండటంలో తేడా, గడియారం, ర్యాండమ్ విలువలు, త్రెడ్లు (ఒకే ప్రోగ్రామ్‌లో ఏకకాలంలో నడిచే పనులు). ఒంటరిగా పాసై గుంపులో ఫెయిల్ అయితే పక్క టెస్టు ఏదో మిగిల్చి పోతోందన్నమాట, లేకపోతే మెషీన్ మీద బరువు ఎక్కువైంది. ల్యాప్‌టాప్‌లో ఎప్పుడూ పాసై సీఐలోనే ఫెయిల్ అయితే ముందు వేగాన్ని అనుమానించండి. డాకర్ కంటైనర్‌కు (ప్రోగ్రామ్‌ను విడిగా నడిపే పెట్టె లాంటిదానికి) అర సీపీయూ మాత్రమే ఇచ్చి ల్యాప్‌టాప్‌లోనే నడిపితే, సీఐలో వారానికోసారి కనబడే ఫెయిల్యూర్ అరగంటలో కళ్ళముందుకు రావడం మామూలే. ఈ చిన్న పని చాలామంది చేయరు, ఎందుకో నాకర్థం కాదు.

కారణాల్లో మొదటిది, అన్నిటికన్నా పెద్దది, వేచి ఉండటం. పైన చెప్పిన అధ్యయనంలో దాదాపు 45 శాతం ఈ ఖాతాలోనే పడ్డాయి. టెస్టు ఒక పని మొదలుపెడుతుంది, అది నేపథ్యంలో ఎక్కడో జరుగుతుంటుంది, పూర్తయ్యేదాకా సరిగ్గా ఆగకుండానే ఫలితం చూస్తుంది. దీనికి అందరూ వేసే మందు స్లీప్, అంటే ఇన్ని సెకన్లు ఊరికే ఆగమనడం. రెండు సెకన్లు పెడతారు, కొన్నాళ్ళు బాగుంటుంది, సీఐ నెమ్మదించిన రోజు మళ్ళీ ఫెయిల్ అవుతుంది, ఐదు సెకన్లు చేస్తారు. అంతటితో వేగంగా ఉన్న రోజున కూడా ఐదు సెకన్లు వృథా, నెమ్మదిగా ఉన్న రోజున అదీ చాలదు. కొన్ని వందల టెస్టుల్లో ఇలా పోగైతే బిల్డ్ గంట దాటుతుంది, ఇక జనం పారలల్‌గా నడపడం మొదలుపెడతారు, దాంతో మెషీన్ ఇంకా నెమ్మదిస్తుంది, స్లీపులు మళ్ళీ చాలవు.

స్లీప్ తీసేసి షరతు కోసం ఆగాలి: ఈ రికార్డు డేటాబేస్‌లో కనిపించేదాకా, ఈ మాట తెరమీద వచ్చేదాకా, గరిష్ఠంగా ఇన్ని సెకన్లు. జావాలో అవేటిలిటీ లైబ్రరీ, మరో బ్రౌజర్ టూల్ సెలీనియమ్‌లో వెబ్‌డ్రైవర్ వెయిట్, ప్లేరైట్‌లో ఎక్స్‌పెక్ట్ చేసేది ఇదే. షరతు నెరవేరగానే ముందుకు పోతుంది కాబట్టి గరిష్ఠ పరిమితిని ధారాళంగా పెట్టుకోవచ్చు. ముప్పై సెకన్లు పెట్టినా మామూలు రోజున అర సెకనే పడుతుంది.

ఇంతవరకూ చాలామందికి తెలిసిందే. ఊగిసలాట మిగిలేది ఆ తర్వాతి సూక్ష్మాల్లో. ప్లేరైట్‌లో ఈజ్ విజిబుల్ అనే ఫంక్షన్ ఆగదు, ఆ క్షణంలో ఎలా ఉందో చెప్పి వెళ్ళిపోతుంది. దాని జవాబును తీసుకుని ఎక్స్‌పెక్ట్‌లో పోలిస్తే చూడటానికి కోడ్ చక్కగా ఉంటుంది, కానీ వేచి ఉండటం అనేదే లేదు. అదే లొకేటర్‌ను (పేజీలో ఆ వస్తువు ఎక్కడుందో చూపేదాన్ని) నేరుగా ఎక్స్‌పెక్ట్‌కు ఇచ్చి టు బీ విజిబుల్ అంటే డిఫాల్ట్‌గా ఐదు సెకన్లదాకా మళ్ళీ మళ్ళీ చూస్తుంది. రివ్యూలో ఈ తేడా కంటికి ఆనదు, అందుకే దీన్ని లింట్ రూల్‌తో (కోడ్‌ను టూలే చదివి తప్పు చూపే నియమంతో) పట్టుకోవడం మేలు. సెలీనియమ్‌లో ఇంప్లిసిట్ వెయిట్ (అన్నిటికీ ఒకేసారి పెట్టేది), ఎక్స్‌ప్లిసిట్ వెయిట్ (ఒక షరతు కోసం పెట్టేది) రెండూ కలిపి వాడితే ఎంతసేపు ఆగుతుందో చెప్పలేమని దాని డాక్యుమెంటేషనే హెచ్చరిస్తుంది. ఒకటే ఎంచుకోండి, ఎక్స్‌ప్లిసిట్ మంచిది.

ఇంకో ఉచ్చు: "లోడింగ్ చక్రం పోయేదాకా ఆగు" అని రాస్తారు. బటన్ నొక్కిన వెంటనే చక్రం ఇంకా రాకముందే టెస్టు చూస్తే "చక్రం లేదు, పని అయిపోయింది" అనుకుని ముందుకు వెళ్ళిపోతుంది. మధ్యలో వచ్చిపోయే వాటికోసం ఆగకండి, చివరికి రావాల్సిన ఫలితం కోసం ఆగండి. "ఎర్రర్ మెసేజ్ కనిపించకూడదు" లాంటి లేమిని పరీక్షించే టెస్టులకూ ఇదే జబ్బు, కాకపోతే తిరగబడి ఉంటుంది. మెసేజ్ రావడానికి అర సెకను పడితే, టెస్టు అంతకుముందే చూసి పాస్ అయిపోతుంది. ఇవి ఫ్లేకీగా ఫెయిల్ అవవు, ఫ్లేకీగా పాస్ అవుతాయి కాబట్టి ఎవరికీ కనబడవు. ముందు "సేవ్ అయింది" లాంటి ఖచ్చితమైన గుర్తు కోసం ఆగి, ఆ తర్వాత ఎర్రర్ లేదని చూడాలి.

మీ దగ్గర బ్రౌజర్ టెస్టులు ఎక్కువన్నారు కాబట్టి ఇంకొకటి. సర్వర్‌లో పేజీ తయారై వచ్చి, తర్వాత జావాస్క్రిప్ట్ దానికి ప్రాణం పోసే పద్ధతిలో, బటన్ కనబడుతుంది, నొక్కడానికి వీలుగానే ఉంటుంది, కానీ దాని వెనక క్లిక్ హ్యాండ్లర్ (నొక్కితే నడవాల్సిన కోడ్) ఇంకా తగిలించి ఉండదు. టెస్టు మనిషికన్నా వేగంగా నొక్కేస్తుంది, ఏమీ జరగదు, టైమౌట్. అందరూ టెస్టులో స్లీప్ పెట్టి సరిపెడతారు. కానీ నెమ్మదైన ఫోన్‌లో, నెమ్మదైన నెట్‌లో వాడుకరికీ సరిగ్గా ఇదే జరుగుతుంది: నొక్కుతారు, ఏమీ కాదు, మళ్ళీ నొక్కుతారు. హ్యాండ్లర్ సిద్ధమయ్యేదాకా బటన్‌ను డిసేబుల్ చేసి ఉంచితే టెస్టూ నిలబడుతుంది, వాడుకరి చిరాకూ తగ్గుతుంది. ఊగే టెస్టు ప్రోడక్టు బగ్‌ను చూపిస్తోందని నేను పైన అన్నది ఇలాంటివి చూసే.

త్రెడ్ల గొడవలు ఆ అధ్యయనంలో 20 శాతం. వీటిలో తప్పు అసలు కోడ్‌లోనే ఉండటం మామూలే, కాబట్టి ఇక్కడ రీట్రై పెట్టడం నా దృష్టిలో నేరమే. గోలో రేస్ డిటెక్టర్ ఆన్ చేసి నడపండి, సీ, సీ ప్లస్ ప్లస్ అయితే త్రెడ్ శానిటైజర్ ఉంది. లినక్స్ మీద ఆర్‌ఆర్ డీబగ్గర్‌లో కేయాస్ మోడ్ అని ఒకటుంది. అది త్రెడ్ల వరసను కావాలని తారుమారు చేసి అరుదైన ఫెయిల్యూర్‌ను బయటికి లాగుతుంది, ఆ రన్ రికార్డయి ఉంటుంది కనుక తర్వాత ఎన్నిసార్లయినా అదే ఫెయిల్యూర్‌ను తిరిగి నడిపి చూడొచ్చు.

మూడోది వరస మీద ఆధారపడటం, 12 శాతం. ఒక టెస్టు గ్లోబల్ వేరియబుల్‌నో, క్యాష్‌నో, ఎన్విరాన్‌మెంట్ సెట్టింగ్‌నో, డేటాబేస్ రికార్డునో మార్చి వదిలేస్తుంది, తర్వాతిది దానిమీద నిలబడుతుంది. ఎన్నేళ్ళైనా ఇలా నడుస్తుంది, ఒకరోజు వరస మారగానే అంతా కూలుతుంది. జావా 7 వచ్చినప్పుడు పెద్ద ఎత్తున జరిగింది ఇదే. రిఫ్లెక్షన్ (ప్రోగ్రామ్ తన కోడ్‌లో ఏముందో తనే చూసుకునే సౌకర్యం) ఇచ్చే మెథడ్ల వరస మారడంతో, జేయూనిట్ టెస్టులు నడిచే వరస మారి, ఎన్నాళ్ళనుంచో పచ్చగా ఉన్న సూట్లు ఎర్రబడ్డాయి. అందుకే జేయూనిట్ 4.11లో స్థిరమైన వరసను డిఫాల్ట్ చేశారు. దాంతో గోల తగ్గింది కానీ, ఆధారపడటం లోపల అలాగే ఉండిపోయింది. నా మాటైతే ఉల్టా చేయమంటాను: వరసను కావాలని కలగాపులగం చేసి నడపండి, సీడ్‌ను లాగ్‌లో ప్రింట్ చేయండి. ఫెయిల్ అయితే అదే సీడ్‌తో మళ్ళీ అదే వరస వస్తుంది. రూబీ టెస్ట్ టూల్ ఆర్‌స్పెక్‌లో బైసెక్ట్ ఆప్షన్ పెడితే ఏ టెస్టు ఏ టెస్టును చెడగొడుతోందో తనే వెతికి పెడుతుంది. గోలో 1.17 నుంచి షఫుల్ ఉంది, పైటెస్ట్‌కు ర్యాండమ్లీ ప్లగిన్ ఉంది.

ఇక్కడే రీట్రై గురించి ఇంకో సంగతి. ప్లేరైట్ ఒక టెస్టు ఫెయిల్ అయితే దాన్ని నడిపిన వర్కర్ ప్రాసెస్‌ను పారేసి కొత్తది మొదలుపెడుతుంది. రీట్రైలో పాస్ అయింది కాబట్టి టైమింగ్ సమస్యే అని తేల్చేస్తారు. కానీ పాస్ అయింది కొత్త ప్రాసెస్‌లో పాత చెత్త లేనందువల్ల కావచ్చు. టైమింగ్ అనుకుని టైమౌట్ పెంచుకుంటూ పోతే అది ఎప్పటికీ బాగుపడదు.

డేటా విషయంలో ఒక మాట. టెస్టు చివర్లో శుభ్రం చేయడం మీద ఆధారపడకండి, మధ్యలో ప్రాసెస్ చస్తే ఆ శుభ్రం జరగదు. ప్రతి టెస్టు మొదట్లో తన డేటా తనే, వేరే ఎవరితోనూ కలవని పేర్లతో సృష్టించుకోవాలి. ట్రాన్సాక్షన్‌లో పెట్టి రోల్‌బ్యాక్ చేసే (మార్పులన్నీ చివర్లో వెనక్కి తీసుకునే) పద్ధతి వేగంగా ఉంటుంది, కానీ మీ కోడ్ ఇంకో కనెక్షన్ తెరిచిన రోజున పనిచేయదు. ఐడీ 1 వస్తుందని, ఆర్డర్ బై (ఏ క్రమంలో కావాలో చెప్పే మాట) లేకుండానే రికార్డులు ఎప్పుడూ అదే క్రమంలో వస్తాయని నమ్మకండి. గో మ్యాపుల్లో తిరిగే వరసను భాషే కావాలని కలిపేస్తుంది, పైథాన్ 3.3 నుంచి స్ట్రింగుల హ్యాష్ (లోపల వెతకడానికి వాడే సంఖ్య) ప్రతి ప్రాసెస్‌లో మారుతుంది కాబట్టి సెట్ నుంచి వచ్చే వరస కూడా మారుతుంది. పోర్ట్ నంబరు 8080 అని రాసేయకుండా 0 ఇస్తే ఖాళీగా ఉన్నదాన్ని ఆపరేటింగ్ సిస్టమే ఇస్తుంది.

గడియారం సంగతి త్వరగా చెప్పేస్తాను. నెలాఖరున, ఫిబ్రవరి 29న, అర్ధరాత్రి దగ్గర మాత్రమే ఫెయిల్ అయ్యేవి ఇవి. సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో), టెస్టు స్థానిక సమయంలో ఉంటే రోజులో కొన్ని గంటలపాటు "ఈరోజు" రెండు చోట్లా వేరు. ఫెయిల్ అయిన సమయాలను మీ టేబుల్లో చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. కోడ్ నేరుగా ఇప్పటి సమయం అడగకుండా, బయటినుంచి గడియారాన్ని అందుకునేలా రాయండి. జావాలో క్లాక్ అనే క్లాస్ ఉన్నదే అందుకు, పైథాన్‌లో ఫ్రీజ్‌గన్, జెస్ట్‌లో ఫేక్ టైమర్లు ఉన్నాయి. బయటి కంపెనీల సర్వీసులను పిలిచే టెస్టులను మెర్జ్ ఆపే సూట్ నుంచి పూర్తిగా తీసేసి, వేరే షెడ్యూల్ మీద నడపండి. వాళ్ళ టెస్ట్ సర్వర్ పడిపోతే మీ మెర్జ్ ఎందుకు ఆగాలి?

సరిచేశాక "ఇప్పుడు పాస్ అయింది" అని టికెట్ మూసేయడం అందరూ చేసేదే. వందకు ఐదుసార్లు ఫెయిల్ అయ్యే టెస్టు ఏమీ చేయకపోయినా ఎక్కువసార్లు పాసే అవుతుంది. కొండగుర్తు ఇది: ఫెయిల్ అయ్యే రేటు ఎంతో తెలిస్తే 3ను దానితో భాగించండి, కనీసం అన్నిసార్లు వరసగా పాస్ కావాలి. ఐదు శాతమైతే 60 సార్లు, ఒక శాతమైతే 300 సార్లు. అప్పుడు 95 శాతం నమ్మకంతో బాగుపడిందనవచ్చు. దీనికన్నా గట్టి రుజువు ఇంకోటుంది. కారణం ఇదే అనుకున్న చోట కోడ్‌లో కావాలని ఆలస్యం పెట్టండి. టెస్టు ప్రతిసారీ ఫెయిల్ అవ్వాలి. ఆ ఆలస్యం అలాగే ఉంచి సరిచేయండి. ప్రతిసారీ పాస్ అవ్వాలి. రెండూ జరిగితే మూడువందల సార్లు నడపకుండానే మీకు తెలిసిపోతుంది. మొదటిది జరగకపోతే మీ ఊహ తప్పు, ఇంకో కారణం వెతకండి.

ఇదంతా చేసేలోపు మెర్జులు ఆగకూడదు కదా. అందుకు క్వారంటైన్ ఉంది. జాబితాలో పైనున్న టెస్టులను మెర్జ్ ఆపే సూట్ నుంచి పక్కకు తీసి, వేరే జాబ్‌లో నడుపుతూనే ఉండండి. ఫలితాలు పోగవుతాయి, ఎవరి పనీ ఆగదు. కానీ ప్రతి టెస్టుకూ ఒక మనిషి పేరు, ఒక గడువు ఉండాలి, మొత్తం సంఖ్యకు ఒక పరిమితి ఉండాలి. పది అని పెట్టుకుంటే, పదకొండోది రావాలంటే ఉన్నవాటిలో ఒకటి బయటికి పోవాలి. పేరు కాకుండా టీమ్ పేరు రాస్తే ఎవరూ చూడరు. గడువు లేని క్వారంటైన్ చివరికి ఎవరూ తెరవని ఫోల్డర్ అవుతుంది, అంతకంటే నేరుగా తీసేయడమే నయం.

అలా వచ్చింది కాబట్టి మీ సీనియర్ మాట. బ్రౌజర్ టెస్టులన్నీ తీసేయడం ఎలుకలున్నాయని ఇంటికి నిప్పుపెట్టుకోవడమే. కానీ ఆయన కోపంలో నిజం ఉంది. డిస్కౌంట్ లెక్క సరిగ్గా వస్తోందా, పాస్‌వర్డ్ నిబంధనలు పనిచేస్తున్నాయా అన్నవి బ్రౌజర్ తెరిచి చూడాల్సిన పనికాదు. ఆ లెక్కలను యూనిట్ టెస్టుల్లోకి (కోడ్‌లో చిన్న భాగాలను విడిగా చూసే టెస్టుల్లోకి) దించి, బ్రౌజర్‌లో లాగిన్, చెల్లింపు లాంటి ముఖ్యమైన దారులు మాత్రమే ఉంచండి. గడువు దాటిన ప్రతి క్వారంటైన్ టెస్టు దగ్గరా అడగాల్సింది: ఇది పట్టుకునే తప్పును కింది స్థాయిలో ఇంకేదైనా పట్టుకుంటుందా? అవునంటే మొహమాటం లేకుండా తీసేయండి. లేదంటే తిరగరాయండి.

కొత్తవి చేరకుండా చూడటం కూడా మర్చిపోవద్దు. అదే 2014 అధ్యయనం ప్రకారం ఫ్లేకీ టెస్టుల్లో 78 శాతం రాసిన మొదటి రోజునుంచే ఫ్లేకీ. తర్వాత చెడినవి కావు. కాబట్టి పుల్ రిక్వెస్టులో (మార్పును కలపమని పెట్టే అభ్యర్థనలో) కొత్తగా వచ్చిన, మారిన టెస్టులను మాత్రం యాభైసార్లు, వరస కలిపి, సీపీయూ తగ్గించి నడిపే జాబ్ ఒకటి పెట్టండి. రాసినవారికి అప్పుడు అంతా గుర్తుంటుంది, పది నిమిషాల్లో సరిచేస్తారు. ఆర్నెల్ల తర్వాత అదే పని ఇంకొకరికి రెండు రోజులు.

ఇక మీ మేనేజర్‌తో రీట్రై గురించి ఏం మాట్లాడాలంటే: యూనిట్ టెస్టులకు సున్నా. బ్రౌజర్ టెస్టులకు ఒక్కటంటే ఒక్కటి, అదీ మొదటి ప్రయత్నం ఫెయిల్ అయిన సంగతి రిపోర్టులో కనబడుతూ ఉంటేనే. ప్లేరైట్ అలాంటివాటికి ఫ్లేకీ అని విడిగా ముద్ర వేస్తుంది, జావా టెస్టులు నడిపే మావెన్ ష్యూర్‌ఫైర్ కూడా వాటిని వేరుగా లెక్కపెడుతుంది. ఆ లెక్క వారంవారం ఆయన ముందు పెట్టండి. పెరుగుతుంటే కొత్త ఫీచర్ పనిలోంచి కొంత సమయం దీనికి అడగడానికి మీ చేతిలో అంకె ఉంటుంది. చేత్తో రీరన్ నొక్కేవాళ్ళు కూడా ఫెయిలైన లాగ్ లింకును టికెట్‌లో అతికించాకే నొక్కాలని ఒప్పందం పెట్టుకోండి. మొదట్లో విసుక్కుంటారు. కానీ ఒకే టెస్టు పేరు అదే టికెట్‌లో పదోసారి అతికించాల్సి వచ్చినప్పుడు, విసుగుతోనైనా ఎవరో ఒకరు దాన్ని తెరిచి చూస్తారు.

ఎంత వెతికినా కారణం దొరకనివి రెండు మూడు మిగులుతాయి. వాటికి లాగింగ్ ఇంకా పెంచి, క్వారంటైన్‌లో ఉంచి, మళ్ళీ ఫెయిల్ అయ్యేదాకా వదిలేయండి. సమయమంతా వాటిమీదే పోయకండి, జాబితాలో పైనున్నవాటితోనే మొదలుపెట్టండి.